ఎవరి బండీ ఆగని ఊరు

కారు కొనేటప్పుడు దానికి అయిదు స్టార్లు ఉన్నాయని చెప్పారు. కడప షోరూములో టై కట్టుకున్న సేల్స్ ఆయన మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి, గోడమీది టీవీలో ఒక వీడియో వేశాడు. అందులో మేము కొనబోయే కారులాంటిదే ఒకటి వేగంగా వచ్చి గోడను గుద్దుకుంది. ముందు భాగం అప్పడంలా నలిగింది. లోపల కూర్చున్న బొమ్మలకు మాత్రం ఏమీ కాలేదు. మేమిద్దరం కూడా ఆ బొమ్మల్లాగే కదలకుండా, నోరు మెదపకుండా చూశాం. గుద్దుకున్నాక మనిషి ఎట్లా మిగులుతాడన్నదానికి ఆ స్టార్లు. గుద్దుకునే అవసరం రాకుండా బండి నడుస్తుందా అన్నది ఎవరూ పరీక్ష చేసినట్టు లేదు. మేమూ అడగలేదు. కారు నడుస్తుందా అని షోరూములో అడగడం, పెళ్ళిచూపుల్లో పిల్లవాడు ఊపిరి పీలుస్తాడా అని అడిగినట్టు ఉంటుందని మొహమాటపడ్డాం.

కారు మా ఆవిడ కోసం. ఆమె ఎర్రగుంట్ల అవతల ఒక హైస్కూల్లో సైన్సు టీచరు. నేను కడపలోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెబుతాను. మా కాలేజీ ఇంటికి ఎంత దగ్గరంటే, ఆలస్యంగా పోవడానికి సాకు కూడా దొరకదు. మేమిద్దరం డిగ్రీ ఒకే కాలేజీలో చదివాం. ఇంగ్లిష్ పరీక్షలో నా పక్క బెంచీలో కూర్చుని నేను ఏం రాస్తున్నానో, ఏం రాయడంలేదో అంతా చూసింది కాబట్టి, పెళ్ళయ్యాక ఆమెకు నామీద గౌరవం ఏర్పడే అవకాశం లేకపోయింది.

కడప నుంచి కమలాపురం మీదుగా ఎర్రగుంట్లకు పోయే రోడ్డు చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చూడనివాళ్ళకు ఒక మాట. అది సిమెంటు లారీల రోడ్డు. మిగతావాళ్ళం దాంట్లో లారీల దయవల్ల తిరుగుతుంటాం. వెనక లారీ వస్తుంటే కారు అద్దంలో దాని మొహం తప్ప ఆకాశం కనబడదు. ఆ లారీ డ్రైవర్లు చెడ్డవాళ్ళేం కాదు. బరువుతో వస్తున్న లారీ బ్రేకు వేసినచోట ఆగదు, కొంత ఆలోచించుకుని ఆగుతుంది. ముందు పోయేవాళ్ళు ఆ సంగతి గుర్తుపెట్టుకుని పోవాలి.

ఆ రోడ్డుమీద, కొన్న ఏడాదిలోపే, కమలాపురం దాటాక మా కారు ఇంజను ఆగిపోయింది. శబ్దం లేదు, వాసన లేదు, స్టీరింగు ముందున్న మీటర్లలో ఒక్క ఎర్రదీపం వెలగలేదు. మాట్లాడుతూ మాట్లాడుతూ అలిగి నోరు మూసుకున్నట్టు మూసుకుంది. స్టీరింగు బిగుసుకుంది. బ్రేకు నొక్కితే బండరాయిని నొక్కినట్టు ఉందట. వెనకున్న లారీ హారన్ కొట్టుకుంటూ పక్కనుంచి దూసుకుపోయింది. డ్రైవరు పోతూపోతూ మా అత్తగారింటి వంశం గురించి కొన్ని వివరాలు చెప్పాడు. ఈమె ఎట్లాగో బండిని రోడ్డు పక్క మట్టిలోకి దించింది. కాసేపటికి తాళం తిప్పితే, ఏం జరిగిందన్నట్టు స్టార్టయింది.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పింది. "బండి ఆగిపాయ."

"నువ్వు ఆపినావా?" అన్నాను.

"ఆగిపాయ అంటాండా."

ఆ తర్వాత చాలామంది అదే ప్రశ్న వేశారు. మొదట వేసిన ఘనత నాదే.

షోరూముకు తీసుకుపోయాం. సర్వీసు ఆయన బండికి ఒక కంప్యూటరు తగిలించి, డాక్టరు నాడి చూసినట్టు కళ్ళు మూసుకున్నంత పనిచేసి, "ఏ ఎర్రరూ లేదు సార్" అన్నాడు. ఇంజను ఆగితే బండి ఆ సంగతి లోపల ఎక్కడో రాసుకోవాలట. అది రాసుకోలేదు కాబట్టి ఆగలేదు. ఆగిన బండిలో కూర్చున్న మనిషి పక్కనే నిలబడి ఉంది, ఆమె సాక్ష్యం చెల్లలేదు. తర్వాత ఆయన కారణాలు వెతికాడు. బంకులో డీజిల్ బాగుండదన్నాడు. ఎర్రగుంట్ల దుమ్ము అన్నాడు. కాళ్ళకింది మ్యాట్ జరిగి ఉంటుందన్నాడు. ముందర వేలాడుతున్న నిమ్మకాయ మిరపకాయల దండ గాలిని అడ్డుకుంటుందేమోనన్నాడు. ఆ దండ కారు ఇచ్చేరోజు షోరూమువాళ్ళే కట్టి, చప్పట్లు కొట్టి, ఫోటో తీసి పంపారు.

చివరికి నావైపు తిరిగి, గొంతు తగ్గించి, "మేడం డ్రైవింగ్ ఎట్లుంటాది సార్?" అన్నాడు.

మేడం ఆయనకు మోచేతి దూరంలో ఉంది. "నన్నే అడుగు, చెప్తా" అంది. ఆయన అడగలేదు.

బండిని వాళ్ళు ఊరి చుట్టూ తిప్పి చూశారు. ఆగలేదు. ఇన్‌స్పెక్షన్ రోజున మా కాలేజీలో అధ్యాపకులందరూ క్లాసులో ఉన్నట్టే అది కూడా చక్కగా పనిచేసింది. మేనేజరు మమ్మల్ని గాజుగదిలోకి పిలిచి, ఈ మోడల్ జిల్లాలో ఎంతమంది దగ్గర ఉందో చూడమని రోడ్డువైపు చెయ్యి చూపించాడు. "అందరూ సంతోషంగా ఉండారు సార్. ఒక్క కంప్లైంటు రాల్యా. మీదొక్కటే."

ఆ మాట మేము చాలాసార్లు విన్నాం. ఎందుకంటే బండి చాలాసార్లు ఆగింది. ఒకసారి రైల్వే వంతెన ఎక్కుతుండగా ఆగింది. వెనక లారీ ఎంత దగ్గరకొచ్చి నిలబడిందంటే, దాని బంపరు మీద రంగు ఎక్కడెక్కడ లేచిపోయిందో అద్దంలో కనబడిందట. ఆరోజు ఇంటికొచ్చి స్కూలు సంచి బల్లమీద పెట్టి చాలాసేపు నీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చుంది, తాగలేదు. ఆ తర్వాత నా ఉదయాలు మారిపోయాయి. బోర్డుమీద తరుగుదల లెక్క చెబుతూ, బల్లమీది ఫోను వైపు చూసేవాణ్ణి. స్కూలు చేరానని ఆమె ఒక చుక్క పంపేది. మెసేజు కూడా కాదు, ఉత్త చుక్క. అది వచ్చేదాకా నా క్లాసులో ఏ ఆస్తీ తరిగేది కాదు, పెరిగేది కాదు.

బస్సులో పోవచ్చు కదా అని సలహా ఇచ్చినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళలో షోరూము మేనేజరు కూడా ఉన్నాడు. కారు అమ్మినవాడే బస్సెక్కమనడం నాకు తెలిసి వ్యాపార చరిత్రలో అరుదు. ఆమె స్కూలు మెయిన్ రోడ్డుకు లోపలికి ఉంది, బస్సు దిగాక నడక చాలా ఉంది, అది ఒక కారణం. ఆమె చెప్పిన కారణం వేరు. "చెడిపోయింది బండి. బాగు చేయాల్సింది బండిని, నన్ను గాదు."

ఆలూరులో ఉన్న మా అన్నకు ఫోన్ చేసి చెప్పాను. అక్కడ వానకోసం ఎదురుచూడటం తప్ప ఇంకో పని లేని కాలం. నా బాధ విని ఆయనకు కొంత ఊరట కలిగినట్టుంది. "దుడ్లు పోసి కొన్నోనివి నువ్వే గదప్పా. నువ్వే తోసుకో" అన్నాడు.

"మీదొక్కటే" అన్నమాటకు జవాబు కావాలంటే రెండో బండి కావాలి. ఊళ్ళో అదే మోడల్ ఎవరెవరి దగ్గర ఉందో కనుక్కుని ఒక్కొక్కరి దగ్గరికీ పోయాను. అప్పుడు తెలిసింది, ఈ ఊళ్ళో ఎవరి బండీ ఆగదని.

మా వైపు తెల్లటి ఎత్తైన కారు అనేది ప్రయాణ సాధనం కాదు. కల్యాణ మండపం ముందు నిలబెట్టడానికి, పెద్దమనిషి దిగుతుంటే తలుపు తెరవడానికి, దిగాక తలుపు గట్టిగా వేసి ఆ శబ్దం అందరికీ వినిపించడానికి ఉన్న వస్తువు. అది దారిలో ఆగిందంటే బండి ఆగినట్టు కాదు, మనిషి బోర్లా పడ్డట్టు. బట్టల షాపు షావుకారు దగ్గరికి పోతే, "మా బండికేమప్పా, బంగారం" అన్నాడు. బంగారం ఇంటిముందు రెగ్జిన్ కవరు కింద ఉంది. కవరుమీద దుమ్ము, దుమ్ముమీద పిల్లి అడుగులు. ఆయన షాపుకు స్కూటరుమీద పోతున్నాడు. ఇంకొకాయన పిల్లల డాక్టరు. ఆయన బండి కూడా గొప్పగా ఉందట. తాను మాత్రం ఈమధ్య ఆటోలో తిరుగుతున్నానని, జనంలో కలవడం మనసుకు మంచిదని చెప్పాడు. జనంలో కలవాలన్న కోరిక ఆయనకు కారు కొన్న తర్వాతే పుట్టింది.

అందరికంటే గట్టిగా చెప్పినవాడు కమలాపురం దగ్గరి కాంట్రాక్టరు ఒకాయన. భూములున్న ఇల్లు, రోడ్డు పనులు, నాలుగు ఊళ్ళలో మాట చెల్లుబాటు. ఆయనా అదే బండిలో రోజూ అదే రోడ్డుమీద తిరుగుతాడు. ఆయన ఒక్కడు నోరు విప్పితే షోరూము మేనేజరు గాజుగదిలోనుంచి బయటికొచ్చి వింటాడు. పోయి అడిగితే, "సారూ, నా బండి గుర్రం. యాడా ఆగదు" అని, నా బండి గురించి జాలిగా తల ఊపి, మంచి డ్రైవరును పెట్టుకోమన్నాడు.

ఈ గుర్రాన్ని మా ఆవిడ తరచూ దారిలో చూస్తూనే ఉంది. ఎర్రగుంట్ల వైపు పోతుంటే ఎత్తు దగ్గర, రోడ్డు పక్కన ఆ తెల్ల బండి నిలబడి ఉండేది. బానెట్ మూసి ఉండేది. తలుపులు మూసి ఉండేవి. కాంట్రాక్టరు చేతులు వెనక కట్టుకుని, చేను గట్టుమీద నిలబడి, పైరును పరిశీలిస్తూ ఉండేవాడు. వ్యవసాయ శాఖవాళ్ళు కూడా అంత శ్రద్ధగా చూడరు. ఆ చేను ఆయనది కాదు. కొన్ని రోజులకు మళ్ళీ అక్కడే. ఇంకో రోజు ఇంకో చేను దగ్గర. సైన్సు టీచరు కాబట్టి ఒకే ఫలితం మళ్ళీమళ్ళీ వస్తే దానికి కారణం ఉంటుందని ఆమెకు తెలుసు.

ఒక సెలవురోజు నేనూ ఆమెతో ఆ దారిన పోతుంటే ఆయన కనబడ్డాడు. ఆపమన్నాను. మాది అప్పటికి అడిగితే ఆగే స్థితిలోనే ఉంది.

"ఏమన్నా, బండి ఆగిందా?" అని అడిగింది ఆమె.

"ఆగేదేందిమ్మా. నేనే ఆపితి. శనగ ఎట్లుండాదో చూద్దామని."

ఎదురుగా ఉన్నది పత్తి. కాయలు పగిలి, చేనంతా తెల్లగా ఉంది. నల్లరేగడిలో పుట్టి పెరిగిన మనిషి పత్తిని శనగ అన్నాడంటే, గట్టుమీద అంతసేపు నిలబడి ఒక్కసారి కూడా చేనువైపు చూడలేదన్నమాట. నేను ఆయన బానెట్ మీద చెయ్యి పెట్టబోయాను. "ఎండకు కాలి ఉంటాది సారూ, పెట్టొద్దు" అన్నాడు. మేము పోయేదాకా పత్తిలో శనగ చూస్తూనే ఉన్నాడు.

ఇక్కడిదాకా ఇది బండి సంగతి. ఆ తర్వాత భూమి సంగతి అయింది. మా దగ్గర తెల్ల బండిలో వచ్చిన కాంట్రాక్టరు ఒక చేను ముందు మాట్లాడకుండా నిలబడి పదేపదే చూస్తున్నాడంటే, దానికి అర్థం ఒకటే. రోడ్డు వెడల్పు చేస్తున్నారు, లేదా సోలార్ పలకలు వస్తున్నాయి, లేదా ఫ్యాక్టరీ ఇటువైపు జరుగుతోంది. ఏదైనా కావచ్చు, చేనుగలవాడికి మాత్రం మంచిది కాదు. ఆ చేను రైతుకు ఊళ్ళోవాళ్ళు ఈ మాట మోశారు. ఆయనకు అన్నం సహించలేదట. ఒకరోజు పొద్దున్నే అన్నదమ్ముల్ని వెంటేసుకుని, మోటారుసైకిళ్ళు తెచ్చి కాంట్రాక్టరు బండికి అడ్డం పెట్టాడు. అడ్డం పెట్టకపోయినా అది కదిలేది కాదు. వాళ్ళకు ఆ సంగతి తెలియదు.

మా ఆవిడ స్కూలుకు పోతూ అది చూసి ఆపింది. ఆమె చెప్పినదాన్నే నేను చెబుతున్నాను.

"ఏం సామీ, దినామూ నా చేనే ఏంటికి చూస్తాండావు?" అన్నాడు రైతు.

"చూస్తే ఏమైతాది? చూసేదానికి గూడా నిన్ను అడగల్లా?"

"మా తాత కాడినుంచి దున్నుకుంటాండాం. నీ కన్ను పడినాక యాడ మిగిలింది ఎవురికన్నా?"

అన్నదమ్ముల్లో ఒకడు వంగి ఒక బండముక్క చేతిలోకి తీసుకున్నాడు. కాంట్రాక్టరు ఒక్క ముక్క చెబితే అయిపోయేది. బండి ఆగింది, అందుకే దిగాను. అంతే. ఆ ముక్క ఆయన నోటినుంచి రాలేదు. మా ఆవిడ పక్కకొచ్చి, "అన్నా, బండి ఆగిందని చెప్పు. వాళ్ళు పోతారు" అంది. నడిబజార్లో పంచె విప్పమన్నట్టు చూశాడట ఆమె వైపు. తర్వాత రైతువైపు తిరిగి, గొంతు సవరించుకుని, "అవునప్పా. చూస్తాండా. నచ్చింది. అమ్ముతావా?" అన్నాడు.

భూమి మింగేవాడన్న పేరు ఆయనకు కొత్తది కాదు, బరువూ కాదు. దానికి ఈ నేలమీద ఒక మర్యాద కూడా ఉంది, జనం కాస్త పక్కకు తప్పుకుంటారు. బండి ఆగిన మనిషికి అది లేదు, జనం తోస్తామని ముందుకొస్తారు. ఆయన దృష్టిలో రెండోదే అవమానం. బండముక్క లేచేలోపు ఎవరో పెద్దమనిషి వచ్చి సర్దిచెప్పి పంపాడు. రైతు మరుసటివారం చేను చుట్టూ ముళ్ళకంచె వేయించాడు. కాంట్రాక్టరుకు బండి ఆగినప్పుడు చూడటానికి ఇంకో చేను కావలసివచ్చింది, అంతకంటే ఆయనకు నష్టమేమీ జరగలేదు.

నష్టం జరిగింది మాకే.

తర్వాత కొద్దిరోజులకు మా బండి మళ్ళీ ఆగింది. ఈసారి లారీకి చాలినంత దూరం లేదు. డ్రైవరు ఉన్న బ్రేకంతా తొక్కాడు. అయినా లారీ వచ్చి వెనకనుంచి తగిలి, బండిని నెట్టుకుంటూ పోయి పక్క కాలువలోకి దించింది. వెనక దీపాలు పగిలిపోయాయి, డిక్కీ లోపలికి పోయింది. ఆమె భుజంమీదుగా బెల్టు ఒరుసుకున్నచోట నల్లగా కమిలింది, మెడ పక్కకు తిరగలేదు. నేను పోయేసరికి రోడ్డు పక్కన బండమీద కూర్చుని ఉంది. లారీ డ్రైవరు ఆమె పక్కన నిలబడి వణుకుతున్నాడు. ఆమె అతనికి నీళ్ళసీసా ఇచ్చి తాగమంటోంది. ఎవరికి దెబ్బ తగిలిందో కొత్తగా వచ్చినవాళ్ళకు తెలిసేది కాదు.

"బండి నిలబడుతుందని ముందే తెలిసింటే దూరంగా వచ్చుండేవాన్నమ్మా" అన్నాడు అతను. "మాకెట్ల తెలుస్తాది. యాన్నన్నా రాసుంటే గదా."

షోరూములో మేనేజరు బాధపడ్డాడు. వెనకనుంచి తగిలింది కాబట్టి తప్పు లారీదేనని ధైర్యం చెప్పాడు. ఇన్సూరెన్సులో డిక్కీ కొత్తది వస్తుందన్నాడు. ఇంజను సంగతి అడిగితే, కంప్యూటరు తగిలించి, ఏ ఎర్రరూ లేదన్నాడు. నేను ఆ గదిలో కొన్ని మాటలు అన్నాను. అవి ఇక్కడ రాసేవి కావు. అవతల కొత్త బండి కొంటున్న కుటుంబం ఒకటి ఆ మాటలు విని పిల్లల చెవులు మూసింది. అంతకుమించి ఫలితం లేదు.

మెడ తిరిగి, డిక్కీ అతుక్కుని, బండి ఇంటికొచ్చాక ఆమె చేసిన పని మాత్రం నాకు తోచేది కాదు. ఎర్రగుంట్లలో లారీలకు వెనక రాతలు రాసే పెయింటరు దగ్గరికి పోయింది. కారు వెనక అద్దంమీద ఎర్రరంగుతో, లారీ డ్రైవరు సీట్లోనుంచి చదవగలిగేంత అక్షరాలతో రాయించుకుని వచ్చింది.

"ఈ బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. దూరంగా రండి."

రెండు పక్కలా చెరొక పువ్వు కూడా ఉంది. పువ్వులు వద్దని చెప్పిందట. లారీలకు రాసి రాసి అలవాటైన చెయ్యి, పువ్వు లేకుండా పని ముగించలేకపోయింది.

మరునాటినుంచి లారీలు దూరంగా వచ్చాయి. కొందరు డ్రైవర్లు దాటిపోతూ చెయ్యి ఊపేవారట. ఇంజను యథాప్రకారం ఆగింది. అయితే వెనక ఎవరూ మీదికి రాలేదు. ఆమె పంపిన చుక్క పక్కన మొదటిసారి ఇంకో చుక్క ఉంది.

లారీలవాళ్ళకు రాసింది కార్లవాళ్ళు చదివారు. కడపలో సిగ్నల్ దగ్గర ఆగితే వెనకవాళ్ళు దిగి ఫోటోలు తీసుకున్నారు. ఫోటో ఊరంతా తిరిగి, మా ప్రిన్సిపాల్ ఫోనుకు కూడా వచ్చింది. ఆయన దాన్ని మళ్ళీ నాకే పంపి, ఎవరో పాపం అన్నాడు. షోరూము మేనేజరు ఫోన్ చేశాడు. అంతవరకు మేము చేస్తే ఎత్తనివాడు, ఇప్పుడు ఆయనే చేశాడు. కంపెనీ పేరు పోతోందని, లాయరుతో మాట్లాడతానని అన్నాడు. మాట్లాడమన్నాను. లాయరుకు కూడా అదే బండి ఉందని నాకు తెలుసు.

ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి జనం వచ్చారు. బట్టల షావుకారు, పిల్లల డాక్టరు, ఇంకా నేను తిరిగినప్పుడు తమ బండ్లను పొగిడినవాళ్ళు కొందరు, అందరికీ ముందు కమలాపురం కాంట్రాక్టరు. ఎవరూ కార్లలో రాలేదు. పోట్లాటకు వచ్చినవాళ్ళే అయినా, పొద్దున పూట వచ్చారని హోటలు నుంచి ఉగ్గాని బజ్జీ తెప్పించాను. కోపంగా ఉన్నామని ఎవరూ ప్లేటు పక్కన పెట్టలేదు.

షావుకారు మొదలుపెట్టాడు. తన బండికి ఒక బేరం వచ్చి, అంతా కుదిరాక, కొనేవాడు ఆ ఫోటో చూసి వెనక్కి పోయాడట. అంత బంగారంలాంటి బండిని ఎందుకు అమ్ముతున్నారని అడిగాను. బజ్జీ నములుతున్నాడు కాబట్టి జవాబు చెప్పలేకపోయాడు. డాక్టరు, ఇది చట్టరీత్యా ఇబ్బందులు తెస్తుందని మాకోసం ఆందోళన పడ్డాడు.

కాంట్రాక్టరు ప్లేటు కింద పెట్టి, మా ఆవిడ వైపు తిరిగాడు. "మేడం, మీ బండి ఒగటి చెడింది. సరే. దానికని అందరి బండ్లకూ పేరు చెడగొడితే ఎట్ల?"

"మీ బండ్ల గురించి నేనేం రాయలేదన్నా. ఈ బండి అని రాపిచ్చినా."

"చూసినోళ్ళు అట్ల అనుకోరు గదా. అన్నీ ఒగే మాదిరి ఉంటాయి."

"ఉంటాయి" అంది ఆమె. లోపలికి పోయి ఒక పాతగుడ్డ, రంగు తుడిచే టర్పెంటైన్ సీసా తెచ్చి బల్లమీద పెట్టింది. "తుడిచేయండి. ఎవరైనా సరే, నేనేమీ అనుకోను. తుడిచినోళ్ళు మాత్రం రేపు పొద్దున నాతోపాటు ఎర్రగుంట్ల దాకా రావల్ల. వెనక సీట్లో కూర్చోవల్ల."

డాక్టరు తన వాచీ చూసుకున్నాడు. కాంట్రాక్టరు ఒక్కడే లేచి, గుడ్డా సీసా తీసుకుని, బయటికి నడిచాడు. నలుగురి ముందు వెనక్కి తగ్గే అలవాటు లేని మనిషి. అందరం గేటుదాకా పోయాం. ఆయన కారు వెనక నిలబడ్డాడు. గుడ్డమీద టర్పెంటైన్ పోసుకున్నాడు. పోసుకుని, అక్కడే నిలబడ్డాడు. ఎదురుగా ఉన్నది ఏ పంటో ఈసారి పొరపాటు పడే అవకాశం లేదు, బెత్తెడేసి అక్షరాలు. కొత్త డిక్కీ రంగుకూ పాత బండి రంగుకూ ఉన్న తేడా కూడా అక్కడినుంచి బాగా కనబడుతుంది.

"రేపు నాకు పని ఉండాది" అన్నాడు.

"ఎల్లుండి పోదామన్నా. నేను దినామూ పోతాండా."

"ఎల్లుండి గూడా ఉండాది" అని, గుడ్డను నాలుగు మడతలు పెట్టి సీసాతోపాటు మా గోడమీద పెట్టాడు.

అప్పుడు డాక్టరు మా ఆవిడ పక్కకు జరిగి, పిల్లల తల్లుల్ని అడిగే గొంతుతో, "మీది ఎప్పుడు ఆగుతుంది మేడం? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?" అన్నాడు.

"ఎక్కేటప్పుడే ఎక్కువ."

"మాది ఏసీ వేస్తే" అన్నాడు షావుకారు వెనకనుంచి, ఎవరూ అడగకుండానే.

ఆ తర్వాత ఆపడం ఎవరివల్లా కాలేదు. ఒకాయన బండి అల్లుడితో తిరుపతి పోతూ కనుమలో ఆగిందట. అల్లుడి ముందు పరువు కోసం, దృశ్యం బాగుందని తానే ఆపినట్టు చెప్పి, అందరినీ దింపి ఫోటోలు తీశాడట. ఇంకొకాయనది పెళ్ళికొడుకును ఎక్కించుకుని ఆగింది. ఆసుపత్రి వరండాలో రోగులు ఒకరి జబ్బు ఒకరికి చెప్పుకున్నట్టు, మా గేటు దగ్గర నిలబడి ఎండ నెత్తికెక్కేదాకా చెప్పుకున్నారు. నేను వీళ్ళ ఇళ్ళచుట్టూ తిరిగినప్పుడు ఇందులో ఒక్క ముక్క చెప్పి ఉంటే మా ఆవిడ మెడకు పట్టీ పడేది కాదు. ఆ మాట అన్నాను. అందరూ చెప్పుల వైపు చూసుకున్నారు. కాంట్రాక్టరు మాత్రం తన బండి గుర్రమని మళ్ళీ చెప్పి, మోటారుసైకిలెక్కి పోయాడు.

మరునాడు షోరూము ముందు తెల్ల బండ్లు వరసగా నిలబడ్డాయి. అందులో ఒకదాన్ని తోసుకుంటూ తెచ్చారు. మేనేజరు గాజుగదిలోనుంచి బయటికొచ్చాడు. మీదొక్కటే అని ఈసారి ఎవరితో అనాలో ఆయనకు పాలుపోలేదు. కంపెనీకి ఫోన్లు పోయాయి. ఎవరో పైనుంచి వచ్చి, డీజిల్‌ను ఇంజనుకు పంపే పంపులో లోపం ఉండవచ్చేమోనని, ఉందని తాము అనడంలేదని, అయినా కస్టమర్ల సంతోషంకోసం మార్చి ఇస్తామని చెప్పాడు. లోపం లేని పంపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పీకేశారు. కాంట్రాక్టరు బండి కూడా ఆ వారంలోనే వచ్చింది, నీళ్ళతో కడిగించడానికి. కడిగేటప్పుడు పనిలోపనిగా దాని పంపు కూడా మార్చారు.

మా బండి పంపు మార్చి ఇచ్చేరోజు మేనేజరు మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. ఇక ఆగదు మేడం, ఆ అద్దం మేమే శుభ్రంగా తుడిపించి ఇస్తామన్నాడు.

"ఆగదని గ్యారంటీనా?"

"హండ్రెడ్ పర్సెంట్ మేడం."

"అయితే రేపు నాతోపాటు ఎర్రగుంట్ల దాకా రాండి. వెనక కూర్చోండి. పోయొచ్చినాక తుడిపిస్తా."

మేనేజరుకు రేపు మీటింగు ఉంది. ఎల్లుండి ఇంకో మీటింగు ఉంది. కాఫీ బాగుందా అని అడిగాడు. బాగుందని చెప్పి లేచాం.

అప్పటినుంచి బండి ఆగలేదు. ఆగలేదని నేను పొగడటంలేదు, ఆగకపోవడం దాని ఉద్యోగం. నా క్లాసు మధ్యలో చుక్క ఇప్పటికీ వస్తుంది, నేను ఇప్పటికీ ఫోను వైపు చూస్తాను. కొత్త పంపుమీద నాకున్న నమ్మకం పాత పంపుమీద వాళ్ళకున్నంత లేదు. సర్వీసుకు పోయిన ప్రతిసారీ మేనేజరు ఆ అద్దం సంగతి ఎత్తుతాడు, ఆమె వెనక సీటు తలుపు తెరిచి పట్టుకుంటుంది, ఆయన్ను లోపలినుంచి ఎవరో పిలుస్తారు. మొన్న ఎండకు ఎరుపు కాస్త వెలిసిందని, లారీ డ్రైవర్లకు దూరంనుంచి కంటికి ఆనడంలేదని, ఎర్రగుంట్ల పెయింటరు దగ్గర అక్షరాలు మళ్ళీ దిద్దించుకుని వచ్చింది.